పెన్సిల్ గీత

నలభై ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఇంటిదానికి చెప్పలేదు. మసీదులో కూర్చుని ఎన్నో శుక్రవారాలు లోపల్లోపలే చెప్పుకోబోయి, అక్కడ కూడా సగంలో ఆపేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేనొక మనిషి పేరు పాడుచేశాను. ఆయన పేరు దేవదానం.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నరసరావుపేటలో నాకు కార్లు బాగుచేసే చిన్న షెడ్డు ఉండేది. దేవదానం అక్కడే ఒక ప్లీడరు గారి దగ్గర డ్రైవరు. నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. ప్లీడరు గారి కారు అప్పటికే ముసలిదైపోయింది, ఎవరు తోలినా మొరాయించేది. ఆయన చేతిలో మాత్రం బుద్ధిగా నడిచేది.

మా మెకానిక్కుల్లో చదవడం రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పొగరు నాకు బాగా ఉండేది. ప్లీడరు గుమాస్తాల్లాగా చెవి మీద పెన్సిల్ పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఒకరోజు ఆ కారు ప్లగ్గుల వైర్లు మార్చడానికి వచ్చింది. ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ అని ఒకటుంటుంది, దానికి నల్లటి మూత. నాలుగు ప్లగ్గులకూ వంతుల ప్రకారం నిప్పురవ్వ పంపేది అదే. ఒకటి, మూడు, నాలుగు, రెండు. వరస మరిచిపోకుండా ఉండటానికని మూత లోపలి పక్క అంకెలు వేసి, ఒక అంకె నుంచి ఇంకో అంకెకు పెన్సిల్‌తో గీత గీశాను. ప్లీడరు గారు వంగి చూసి, "ఫర్వాలేదే, చదువుకున్నోడి పని" అన్నారు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పెన్సిల్ నలుపు మీద కరెంటు పాకుతుందని నాకు తెలియదు. నిజంగా తెలియదు. అంతవరకూ దాన్ని తప్పు అనను. ఆ తర్వాత చేసిందే తప్పు.

నాలుగు రోజులు కారు బాగానే తిరిగింది. ఐదోరోజు గురజాల కోర్టులో వాయిదాకు వెళుతుంటే, నకరికల్లు దగ్గర దగ్గి, పొగగొట్టంలో టపామని పేలి ఆగిపోయింది. పెట్రోలు కూపన్ల మీద దొరికే కాలం అది. కారు ఆగితే చాలు, డ్రైవరు పెట్రోలు బయట అమ్ముకుని కిరసనాయిలు కలిపాడని అనేవాళ్ళు. వాయిదా పోయిన కోపంలో ప్లీడరు గారు, కొత్త పెట్రోలు డబ్బా పట్టుకుని రమ్మని బస్సువాళ్ళ చేత నాకు కబురు పెట్టారు.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం. రోడ్డు పక్కన కారు, చుట్టూ జనం. పాత పెట్రోలంతా ఖాళీ డబ్బాలోకి దింపి, కొత్తది పోశాను. అన్న ఇంజను లేపే హ్యాండిల్ తిప్పాడు. మళ్ళీ అదే దగ్గు. అంటే లోపం పెట్రోలులో లేదు. ఆ సంగతి ఇద్దరికీ అర్థమైంది, ఆయన మొహంలోకి ప్రాణం వచ్చింది. ఇంతలో రోడ్డు అవతల కాఫీ హోటలు వరండాలోంచి ప్లీడరు గారు ఆయన్ను కేకేశారు. ఆయన తిట్లు తినడానికి వెళ్ళాడు.

నేనొక్కణ్ణే మూత విప్పాను. నా గీత కాలి ఉంది. అంకెకూ అంకెకూ మధ్య బూడిదరంగులో, వెంట్రుకంత సన్నగా. నిప్పురవ్వ ప్లగ్గుల దాకా పోకుండా ఆ గీత వెంబడే పక్కదారి పడుతోంది.

ఎంతసేపు చూశాను? రెండు నిమిషాలు ఉంటుందేమో. కేకేసి పిలవచ్చు. అయ్యగారూ, తప్పు నాది అనొచ్చు. నన్నేం చేసేవాళ్ళు? నవ్వేవాళ్ళు. రాయడం వచ్చిన మెకానిక్కు రాసి మరీ చెడగొట్టాడని నలుగురూ నాలుగు రోజులు నవ్వి మరిచిపోయేవాళ్ళు. అంతమాత్రం నవ్వుకు ఒక మనిషి బతుకును అడ్డం పెట్టానా? పెట్టాను. చాకుతో గీత గీకేశాను. లుంగీ అంచుతో తుడిచాను. మూత బిగించాను.

అన్న తిరిగొచ్చి హ్యాండిల్ ఒక్క తిప్పు తిప్పాడు. ఇంజను అందుకుంది.

ప్లీడరు గారు రోడ్డు దాటి వచ్చారు. "చూశారా! పెట్రోలు మార్చంగానే ఎట్టా లేచిందో! ఇంకేం సాక్ష్యం కావాలయ్యా?" అని జనం వైపు తిరిగారు.

అన్న ఆయనతో వాదించలేదు. డబ్బాలోని పాత పెట్రోలు కాస్త అరచేతిలో పోసుకుని నా దగ్గరికి వచ్చాడు. మంచి పెట్రోలయితే ఇట్టే ఆరిపోతుంది, కిరసనాయిలు కలిస్తే జిడ్డు మిగులుతుంది. మా పనివాళ్ళందరికీ తెలిసిన పరీక్షే.

"చూడు తమ్ముడూ, ఆరిందా లేదా? జిడ్డు ఏమన్నా ఉందేమో తడిమి చూడు."

నేను తడమలేదు. చూశాను. అరచెయ్యి పొడిగా ఉంది.

"కొత్తది పోసినాక కూడా లెగవలేదుగా, నువ్వూ చూశావుగా. ఆ ముక్క అయ్యగారికి చెప్పు. నీ మాటయితే ఇంటారు."

"పైపులో పాతది మిగిలుంటదన్నా," అన్నాను.

"ఏందీ?"

"ఆ మిగిలిందానికే దగ్గింది. అది అయిపోయింది, లేచింది."

ఆయన చెయ్యి అట్లాగే చాపి నిలబడ్డాడు. కోపం లేదు. నేను ఇంకేదో చెబుతానని చూస్తున్నాడు. నేను సామాను సర్దుకున్నాను.

ప్లీడరు గారు ఆయన్ను అక్కడే పనిలోంచి తీసేశారు. కారు నరసరావుపేటకు నేనే తోలాను. దారిలో ఆయన రోడ్డు పక్కన నడిచి వెళుతున్నాడు. ఆయన పక్కనుంచే వెళ్ళాను. ఆపలేదు.

ఆ జనంలో ఎవరన్నారో, కిరసనాయిలు దేవదానం అన్నారు. ఆయన ఇల్లు చేరకముందే ఆ పేరు ఊరు చేరింది. తర్వాత ఏ కారువాళ్ళూ ఆయన్ను పెట్టుకోలేదు. మాచర్ల వైపు రాళ్ళు కొట్టే పనికి పోయాడు. స్టీరింగు మీద అంత నాజూగ్గా ఆడిన చేతులు.

కొన్నేళ్ళకు నకరికల్లు బస్సు దగ్గర ఎదురుపడ్డాడు. చెబుదామనే నోరు తెరిచాను. ఆయనే ముందు మాట్లాడాడు. ఆ రోజు కూపన్ల మీద పెట్రోలు పోసినవాళ్ళే ఏదో కలిపి ఉంటారని, తను చూసుకోకపోవడమే తప్పని అన్నాడు. నా అబద్ధాన్ని ఆయన కూడా నమ్మేశాడు. తన అరచేతిని పక్కనబెట్టి నా మాట నమ్మాడు. అది విన్నాక నా నోరు ఎట్లా లేస్తుంది? ఎక్కడికో పనుందని బస్సెక్కేశాను. మళ్ళీ ఆయన్ను చూడలేదు. పోయాడని మాత్రం విన్నాను.

ఇప్పుడు ఆయన మనవళ్ళను కిరసనాయిలోళ్ళు అంటారు. అందులో తిట్టు ఏమీ లేదు, ఇంటిపేరులాగా అంటారు. మా తాతకు కిరసనాయిలు కొట్టుండేదట అని ఒక పిల్లవాడు నాతోనే సంబరంగా చెప్పాడు. వాడికి ఏమని చెప్పను? లేని మచ్చ చూపించి తుడవాలా? ప్లీడరు గారు లేరు, అన్న లేడు, ఆ కారు తుక్కయిపోయింది. తప్పు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, దిద్దే దారి మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఒక్కసారి పైకి అనాలి, అంతే.

ఆ పెట్రోలులో కిరసనాయిలు లేదు. దేవదానం అన్న చెయ్యి ఆరిపోయింది. నేను చూశాను.