ఫౌజుకు గొంగళ్లు చూపబోయిన పగలు

ఆ రోజుల్ల ఫౌజుకు సరుకు అమ్మాల్నంటే మంచి సరుకుంటే సాలనుకునేటోణ్ని. ధైర్యం గూడ కావాల్నని నాకెవరూ చెప్పలె. మా కోస్గి దిక్కు వానల్లేక గొంగళ్లు కొనే రైతే కరువైండు, మగ్గాలు మూలకు పడ్డయి. మిలిటరీకి ఉన్ని కంబళ్లు కావాల్నట అని విని, మా నేతగాళ్లంతా కలిసి సొసైటీ పెట్టిన్రు. మెట్రిక్ దాకా చదివిన పాపానికి (పాసైన అన్ననా?) నన్ను సెక్రెటరీని చేసిన్రు. నమూనా గొంగళ్లు నేసింది మా మేనమామ. ఫౌజోళ్లకు గట్టి సరుకు ఉండాల్నని చింతగింజల గంజి మస్తుగ పట్టించిండు. అవి ఎండి చెక్కలైనయి. నెత్తిమీద కప్పుకునే కొప్పెర లెక్క మడిస్తే, లోపల మనిషి లేకున్నా మడత అట్లనే నిలిచేది.

పాలమూరుల సర్కారు గోదాము ఒకప్పటి సిపాయిల బంగళా. చౌకీదారు తాత తలుపు తీసి, "సరుకు పెట్టి బయటికి రాండ్రి. ఒంటిగ లోపలుండొద్దు బిడ్డా," అన్నడు. ఎందుకో చెప్పలె. గొంగళ్లను నేలమీద ఒకదానిమీదొకటి పేర్చి, తాళమేయించి, నేను, మామ, చౌకీదారు తాత ముగ్గురం వరండాల కూసున్నం.

సరుకు పరీక్ష చేసే అఫ్సరు వచ్చేసరికి మబ్బు కమ్మి పట్టపగలే చీకటైంది. తాళం తీసినం. లోపల గోడ పొంటి వరుసగ మనుషులు నిలబడి ఉన్నరు. నెత్తిన మా గొంగళ్ల కొప్పెరలున్నయి, మొఖాల్లేవు. గాలి లేదు, అయినా చివరికున్నది జర ముందుకు వంగింది. అఫ్సరు పాత ఫౌజీ. ఏమనుకున్నడో ఏమో, మడమలు కలిపి టపీమని సలాం కొట్టిండు!

"మామా, నువ్వు నిలబెట్టినవా?" అని అడిగిన, ఆయన దోతి అంచు పట్టుకొని.

"నీ పక్కనే కూసుంటి గదరా!"

చౌకీదారు మాత్రం మెల్లగ, "ఇయ్యాల అందరొచ్చిండ్రు," అన్నడు.

మామ పోయి చివరిదాన్ని ముట్టిండు. దబ్బున పడ్డది. లోపల ఏమీ లేదు. కాని అప్పుడే ఎవరో ఒంటిమీంచి తీసినట్టు వెచ్చగుందన్నడు.

అఫ్సరు నుదురు తుడుచుకొని, దాన్నే భుజానేసుకొని అటు ఇటు తిరిగిండు. "గంజి సగం తగ్గించండ్రి, మడత పడాలె. ఉన్ని బాగుంది, నమూనా పాస్. మీ సెక్రెటరీ ఎవరు?"

"నేనే సార్," అన్న, మామ వీపెనక నుంచి.

మా మగ్గాలు మళ్ల ఆడినయి. ఆ గొంగళ్లు ఏ మంచుకొండలకు పోయినయో, ఎవరి ఒంటిని కాచినయో తెల్వదు. దేశాన్ని కాపాడేటోళ్లకు సరుకు అమ్మబోయి, మామ దోతి అంచు ఇడువకుండ నిలబడ్డ ఆ సెక్రెటరీ మొనగాణ్ని తలుసుకుంటే ఇప్పటికీ నవ్వొస్తది. ఎందుకో ముద్దొచ్చి, వాడి మీద జర పావురం గూడ అయితది.