లేవి చెయ్యి పడిన పండు

వడమాలపేటలో నేను నాటిన బేనీషా మామిడి ఈ ఏడే తొలి కాపు కాసింది. నాయన నా దగ్గరే ఉంటాడు. సత్యవేడులో పాస్టరుగా ఉన్న తమ్ముడు ప్రార్థన చేసి పంపితే తప్ప ఆ పండు నోట పెట్టనన్నాడాయన. అందుకే ఆదివారం ఉదయం ఆరున్నరకు గంపెత్తుకుని పుత్తూరు బస్సెక్కాను.

మా పేర్లు నాయన పెట్టినవే. నేను షిమ్యోను, వాడు లేవి. బైబిల్లో వాళ్లిద్దరూ యాకోబు కొడుకులు. కలిసే ఒక ఊరి మీద పడి నరికారు, తండ్రి ఇద్దరినీ శపించాడు. అయినా దేవుడి గుడిలో సేవ లేవి సంతతికే దక్కింది. తప్పులో ఇద్దరం, గౌరవంలో వాడొక్కడే. చిన్నప్పటి నుంచి నాకిది కడుపుమంట.

పుత్తూరులో నాలుగు ఇడ్లీలు తిని ఏడున్నరకు సత్యవేడు బస్సు పట్టుకున్నాను. పొద్దున వెళ్లేవారు కుడివైపు కూర్చోండి, ఎడమవైపు ఎండ. నారాయణవనంలో ఎక్కిన ఒక పెద్దామెకు గంప జరిపి చోటిచ్చాను. పండ్లు ఎవరికని అడిగితే చెప్పాను.

"మా లేవయ్యగారికి అన్నుండాడా? ఒక్కనాడూ సెప్పలేదే" అంది.

తొమ్మిదిన్నరకు దిగాను. ఆరాధనలో లేవి గంప మీద చేతులుంచి ప్రార్థించాడు. నీళ్లు మోసింది, మందు కొట్టింది, కోతుల్ని తోలింది నేను. రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నది వాడు. అందరూ వాడికే దండం పెట్టారు.

మధ్యాహ్నం కోడికూరతో భోజనం పెట్టి, నాయనకని ఆ గంపలోంచే ఒక పండు గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

"నాయన్ని దినామూ సూసుకునేది నువ్వు. నాకా భాగ్యం లేదన్నా" అన్నాడు.

నిజంగానే అన్నాడేమో. నాకు మాత్రం వినబుద్ధి కాలేదు.

రెండున్నర బస్సు పిచ్చాటూరు దాటాక గుడ్డ విప్పాను, వాసన చూద్దామనే. తర్వాత తొక్క కొరికాను. టెంక చీకి కిటికీలోంచి పారేశాను. అది మా చెట్టు రుచే, ఇంకేమీ కలవలేదు.

ఐదున్నరకు వడమాలపేటలో దిగి నేరుగా తోటకు పోయాను. షెడ్డులో గడ్డిలో మాగేసిన పండ్లలోంచి ఒకటి తీసి అదే గుడ్డలో చుట్టి నాయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లకద్దుకుని, నిదానంగా మొత్తం తిన్నాడు.

"సూసినావా అప్పా, లేవి సెయ్యి పడితే రుచే వేరుగా ఉండాది" అన్నాడు.

అవును నాయనా అన్నాను. పదకొండు గంటలు తిరిగొచ్చి, నా పండు నాదని చెప్పుకునే వీలు కూడా నేనే పోగొట్టుకున్నాను.