పద్నాలుగు నెలల తేడాతో ఇద్దరు భర్తలు

ఇదంతా మార్చి నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి మొదలైంది. అప్పటివరకు నాకు భర్త ఒక్కరే.

మాజీ సైనికుల కార్యాలయంలో మూడో కిటికీ దగ్గరి ఉద్యోగిని కంప్యూటర్ చూసి ఆయన్ని ఇద్దర్ని చేసింది. ఒకాయన వియత్నాం యుద్ధానికి వెళ్ళాడు, ఆయనకు ఏ జబ్బూ లేదు. ఇంకొకాయనకు లింఫు కణాల క్యాన్సర్, నెమ్మదిగా ముదిరే రకం. ఆయన ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. మా ఆయన మెడ కింద మూడు గడ్డలతో ఇద్దరి తరఫునా నా పక్కన కూర్చున్నారు.

ఆయన అమెరికాకు ఇంజనీరింగ్ చదవడానికి వచ్చారు. గ్రీన్‌కార్డు రాగానే సైన్యం నిర్బంధంగా పిలిచింది. అడవుల ఆకులు రాల్చడానికి విమానాలతో చల్లిన మందును నారింజ పట్టీ ఉన్న పీపాల్లో పంపేవారు. వాటిని వట్టి చేతులతో దొర్లించి లెక్కపెట్టడం వియత్నాంలో ఆయన పని. పదమూడు నెలలు చేశారు.

జబ్బు బయటపడింది ఆరేళ్ళ కిందట. “ఆ మందుకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందంటారు. మీకు దానివల్లే వచ్చిందని మాత్రం నేను చెప్పలేను” అన్నాడు డాక్టరు. కార్యాలయం నియమం అంతకంటే సులువు. ఆ నేల మీద కాలు పెట్టినట్టు కాగితం ఉంటే చాలు, జబ్బు యుద్ధంలోదే అని ఒప్పుకుంటారు. ఆయనకు కావలసింది ఆ ఒప్పుకోలే. ఎందుకంటే ఆరేళ్ళుగా నేను ఆయన సిగరెట్ల వల్లే అంటున్నాను.

“నీ నోరు మూయించే కాగితం ఒక్కటి చూసి పోతాను” అని రోజూ అనేవారు.

మనిషి రెండవడానికి కారణం పుట్టినరోజు. సైన్యం కాగితాల్లో ఉన్నది బడిలో హెడ్మాస్టరు వేసిన తేదీ. ఆసుపత్రి కాగితాల్లో ఉన్నది అసలు తేదీ. పౌరసత్వం వచ్చాక, తప్పు తేదీన కేకు కోయడం సహించలేక, జాతకం పట్టుకుని కోర్టుకెళ్ళి ఎనిమిది నెలలు తిరిగి మార్పించింది నేనే.

“అమ్మమ్మా, సీరియస్లీ? ఇదంతా నువ్వు చేశావా?” అంది మమ్మల్ని కార్లో తీసుకొచ్చిన మనవరాలు.

“తప్పును సరిచేశాను.”

“నన్ను సరిచేసింది. ఇదిగో, ఇట్లా తేలాను” అన్నారాయన.

ఇద్దరినీ ఎరిగినవారెవరైనా ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం రాయాలట. మొదటి వ్యక్తికి మీరేమవుతారు? భార్య అని రాశాను. రెండో వ్యక్తికి? భార్య.

ఉద్యోగిని కళ్ళజోడు సవరించుకుంది. “ఇద్దరికీనా మేడమ్?”

“ఇద్దరికీ. యాభై మూడేళ్ళుగా.”

“ఒకేసారా?”

“ఒకే ఇంట్లో.”

చివరి గడిలో రెండు తేదీల మధ్య తేడా అడిగారు. పద్నాలుగు నెలలు. వేయకుండా ఉండలేక ఇంకో లెక్క కూడా వేశాను. సైన్యం పిలిచిన రోజుకు హెడ్మాస్టరు తేదీ ప్రకారం ఆయనకు ఇరవై ఐదేళ్ళ మూడు నెలలు, అసలు తేదీ ప్రకారం ఇరవై ఆరేళ్ళ ఐదు నెలలు. ఆ రోజుల్లో ఇరవై ఆరు దాటినవాళ్ళ జోలికి సాధారణంగా వెళ్ళేవారు కాదు. మూడుసార్లు సరిచూసి, కార్లో కూర్చున్నాక కాగితం ఆయన చేతికిచ్చాను.

“అయితే నన్ను పంపింది మా హెడ్మాస్టరా?”

“లెక్క ప్రకారం అంతే.”

“సర్కారు ఉద్యోగంలో ఓ ఏడాది ఎక్కువ ఉంటాడురా అని మా నాన్నతో చెప్పి మరీ వేశాడే. పాపం, మంచివాడు.”

ఆయన చేసిన సర్కారు ఉద్యోగం ఆ సైన్యంలోది ఒక్కటే. మనవరాలు నవ్వడం మొదలుపెట్టి, అద్దంలో మా ఇద్దరి ముఖాలు చూసి ఆపేసింది.

జూన్ పన్నెండు, గురువారం, రెండు కవర్లు వచ్చాయి. సైనికుడికి వచ్చినదాంట్లో జబ్బు యుద్ధంలోదేనని ఒప్పుకున్నారు. రోగికి వచ్చినదాంట్లో, మీరు యుద్ధానికి వెళ్ళలేదు కాబట్టి కుదరదన్నారు. మొదటిదాన్ని ఆయన రెండుసార్లు పైకి చదివారు. రెండోదాని మీద కాఫీ గ్లాసు పెట్టారు.

“ఇంక సిగరెట్ల మాటెత్తుతావా?”

“ఎత్తను.”

పోయినవి. ఆయన బరువు ఇరవై రెండు పౌన్లు. అక్కడ పదమూడు నెలలు. హెడ్మాస్టరు తీసేసిన పద్నాలుగు నెలలు. నా వాదన ఒకటి, ఆరేళ్ళది. సెప్టెంబరు తొమ్మిది, మంగళవారం, మధ్యాహ్నం రెండూ పదికి, భర్తలు ఇద్దరు.