వంతెన మీది రెయిన్ కోటు

దర్జీ పెద్దమ్మ అంటే దిగువ వీధిలో తెలియనివాళ్లు లేరు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. చొక్కా ఆలస్యమైందని ఎవరైనా గొణిగితే, "అంత తొందరైతే నువ్వే కుట్టుకో నాయనా!" అని కత్తెర చేతికిచ్చేది.

ఆమె ఇంట్లో తలుపు వెనక మేకుకు మొగుడి రెయిన్ కోటు వేలాడుతుండేది. పెద్ద వరద వచ్చిన ఏడు దాన్ని ఆమె భుజాల మీద కప్పి, "నువ్వు మేడెక్కు, మూలింటి ముసలమ్మను తీసుకొస్తా" అని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. నీళ్లొస్తున్నాయని ముందుగా చెప్పే నాథుడే లేడు ఆ రోజుల్లో.

తర్వాత ఫోన్ల మెకానిక్కు, సైన్సు టీచరమ్మ కలిసి ఒక పెట్టె తయారుచేసి వంతెనకు బిగించారు. వంతెన కింద నీరు పెరిగితే వీధిలో సైరన్ మోగాలి. మోగితేగా! మొదటి వానకే తడిసి ఊరుకుంది. తొడుగు కుట్టమని పెద్దమ్మ దగ్గరికొచ్చారు. ఆమె కుట్ల మీద కొవ్వొత్తి రుద్ది మరీ, గాలి కూడా దూరకుండా బిగించింది. ఇంకేముంది, లోపల చెమ్మ పట్టి పెట్టె మళ్లీ మూగబోయింది.

"అంతా నా అతితెలివి!" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"మాకు మాత్రం తట్టిందా పెద్దమ్మా?" అంది టీచరమ్మ. "వాన లోపలికి పోకూడదు, చెమ్మ బయటికి పోవాలి. అలాంటి గుడ్డ ఎక్కడ దొరుకుతుందో ఏమో."

మెకానిక్కు చూపు తలుపు వెనక్కి వెళ్లింది. కోటు వీపు మీద మడత, మడత కింద గాలి ఆడే చిల్లులు. చటుక్కున తల దించుకున్నాడు.

"చూడనే చూశావు, ఇంకా మొహమాటమెందుకురా?" అంది పెద్దమ్మ. ఏడుస్తూనే కోసింది, ఏడుస్తూనే కుట్టింది. కోటంతా తొడుగైపోయింది. ఆ మేకుకు మాత్రం ఇంకేదీ తగిలించనిచ్చేది కాదు.

మరో వరదకు సైరన్ మోగింది. నీళ్లు గడప తాకేసరికి వీధి వీధంతా మేడల మీదే ఉంది. ఎవరికోసమూ ఎవరూ వెనక్కి వెళ్లాల్సిన పని పడలేదు.

ఎన్ని వానలకు మోగిందో ఆ పెట్టె! ఇప్పుడు వంతెన మీద కొత్త పరికరాలొచ్చాయి, కబురు నేరుగా ఫోన్లకే వస్తోంది. పాత పెట్టె విప్పిన రోజు, జుట్టు నెరిసిన మెకానిక్కు తొడుగు తెచ్చిచ్చాడు.

"దీని పని అయిపోయింది పెద్దమ్మా."

పెద్దమ్మ దాన్ని తుడిచి, దులిపి, తలుపు వెనక మేకుకు తగిలించింది.

"ఇన్నేళ్లూ వానలో నిలబడ్డావు. ఇక చాల్లే," అంది, "ఇంట్లో ఉండు."