గంజి కోసం వచ్చినావిడ

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే మధ్యలో లేచి అంట్లు తోముకోడానికి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. శ్మశానం పక్క దారి దగ్గరైతే ఆ దారినే నడుస్తాను. నా అనుమానాలన్నీ బతికున్న మనుషుల మీదే. ఆ సంగతి ముందే చెప్పేస్తే బిలాస్‌పూర్‌లో జరిగింది చెప్పడం తేలిక.

యుద్ధం రోజులు. అక్కడి రైల్వే కాలనీలో కలరా వచ్చింది. కాలనీలో చాలామంది మన విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్ళే. హిందీ రాని ఆడవాళ్ళు మందిచ్చేవాళ్ళ మాట అర్థం కాక తలుపులు వేసేసుకుంటున్నారని, అక్కడ లోకోషెడ్‌లో పనిచేసే మా చినమావయ్య కబురు పెట్టాడు. మా ఆయన కాంపౌండరు. జీతం లేకపోయినా వెళ్దామన్నారు. ఆయన ముందు వెళ్ళారు, నేను ఒక పక్షం తరవాత వెళ్ళాను. మా అత్తగారు నన్ను సముద్రాలు దాటిస్తున్నట్టే ఏడ్చింది.

పరదేశమే మరి. గట్టిగా అరిస్తే పాలవాడికి తెలుగు అర్థమవుతుందనుకుని కొన్నాళ్ళు అరిచాను. ఆరేసిన చీర సాయంత్రానికి బొగ్గు నుసితో నల్లబడేది. మనవాళ్ళే మాటకి ముందు "అచ్ఛా, అచ్ఛా" అంటుంటే నన్ను వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను.

ఆయన పొద్దున్నుంచీ ఇంటింటికీ తిరిగి మందిచ్చేవారు. నా పని గంజి. షెడ్డు దగ్గర రేకుల పందిరి కింద పెద్ద గుండిగలో ఉప్పేసి కాచి, జబ్బుమనిషి ఉన్న ఇళ్ళకి పొయ్యాలి. బియ్యానికి కటకట. అందుకని ఎవరికోసమో అడిగి మరీ పోసేదాన్ని.

అక్కడే చిక్కు. మన ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. నేనూ పలకను, ఇప్పుడు ఇది రాస్తూ కూడా రాయను. "ఎవరికమ్మా?" అంటే తల వంచుకునేవారు. వెనక నుంచున్నావిడ అందుకుని, ఫలానా ఫైర్‌మన్‌కి, ఫలానా కళాసీకి అని చెప్పేది. తన వంతొస్తే ఆ వెనకావిడ చెప్పేది. పని అలా సాగిపోయేది.

ఒకావిడ వంతు వచ్చినప్పుడు మాత్రం వెనక ఎవరూ నోరు విప్పేవారు కారు. నా కంటే కొంచెం పెద్దది. జేగురు రంగు నేతచీర, తోమి తోమి అంచు అరిగిపోయిన ఇత్తడి చెంబు. రోజూ మధ్యాహ్నం వచ్చి "మా ఇంటాయనకమ్మా" అనేది. ఏ క్వార్టరంటే షెడ్డు అవతలకి చెయ్యి చూపించేది. నాకు ఒళ్ళు మండేది. మన గంజి పట్టుకెళ్ళి ఎక్కడో అమ్ముకుంటోందని అనుమానం. మా ఆయనతో చెప్తే "నీకు పాలవాడి మీదా అనుమానమే, పొయ్యవే" అని నవ్వేశారు. ఆ నవ్వు కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

ఒకరోజు ఆవిణ్ణి నిలబెట్టేశాను.

"పేరు చెప్పకపోతే మానె. మనిషి ఎలాగుంటాడో చెప్పు."

"పొడుగ్గా ఉంటారమ్మా. ఎడం కనుబొమ్మ మీద కోత మచ్చ. సేతులు కడుగుతానే ఉంటారు, ఎన్నిమాట్లు కడిగినా సాలదు."

గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. అది మా ఆయన. ఆ మచ్చ చిన్నప్పుడు కొడవలి తగిలి పడింది.

"ఏటయింది ఆయనకి?"

"వాంతులు ఆగట్నేదమ్మా. కళ్ళు లోపలికెల్లిపోనాయి. బేగి పొయ్యండి."

పొద్దున్న నా చేతి అన్నం తిని చక్కగా వెళ్ళిన మనిషి. అంటే ఆయనకి ఇక్కడ ఇంకో ఇల్లుందన్నమాట. నేను రాకముందు ఇక్కడ ఒక్కరే ఉన్నారు కదా. నాకు అంతా తెలిసిపోయినట్టనిపించింది. గంజి పోసి, గరిటె పక్కావిడ చేతిలో పెట్టి, ఆవిడ వెనకే బయల్దేరాను. ఇద్దర్నీ ఒక్కచోట పట్టుకుని నలుగురిలో కడిగేయాలని.

ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. షెడ్డు దాటింది, నీళ్ళ ట్యాంకు దాటింది, మా వరసలోకే మళ్ళింది. మా క్వార్టర్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నా ఇంట్లోనే! పరిగెత్తాను.

మా ఆయన వంటగది గచ్చు మీద పడున్నారు. బట్టల నిండా వాంతులు. కళ్ళు లోపలికి పోయాయి. నన్ను చూసి, "ఇంత బేగి వచ్చేశావేటే?" అన్నారు, సగం గొంతుతో. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశారట. మామూలుగా నేను ఇల్లు చేరేది పొద్దుగూకాకే.

పక్కన ఆ చెంబు ఉంది. గంజి ఇంకా వేడిగా ఉంది. ఆవిడ లేదు. ఇల్లంతా కలిపి రెండు గదులు. పెరటి తలుపుకి లోపలి గడియ వేసినట్టే ఉంది.

అరిచాను. చుట్టుపక్కల వాళ్ళొచ్చి ఆయన్ని మంచం మీద వేసి ఆస్పత్రికి మోసుకెళ్ళారు. సాయంత్రం దాకా చూసుకోకపోతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు.

ఆయన లేచి కూర్చున్నాక, వరసలో రోజూ నిలబడే అప్పలమ్మ అనే కళాసీ భార్యని అడిగాను, ఆ చెంబావిడ మొగుడి పేరు మీరెవరూ ఎందుకు చెప్పలేదని. అప్పలమ్మ నన్ను వింతగా చూసింది.

"అచ్ఛా, మీ ఇంటాయన పేరు మీకు నాను సెప్పాలేటమ్మా? రోజూ మీ ఇంట్లోంచే వచ్చీది, మీ ఇంటికే ఎల్లీది. మీ అక్కగోరనుకున్నాం."

మా ఇంటికి తాళంచెవులు రెండే. ఒకటి నా కొంగున, ఒకటి ఆయన జేబులో. ఆయనకి జబ్బు చేసింది ఆ ఒక్కరోజే. అంతకుముందంతా ఆవిడ గంజి ఎవరికి పట్టుకెళ్ళిందో నాకు తెలీదు.

ఆయన్ని అడిగాను. నా మీద ఒట్టేయించుకుని కూడా అడిగాను. అలాంటి మనిషిని ఎరగనంటారు. గచ్చు మీద పడున్నప్పుడు ఎవరో తల నిమిరారట, అది నేనే అనుకున్నారట. నమ్మాను. చాలావరకు.

మేం ఊరికి తిరిగొచ్చినప్పుడు చెంబూ మాతోనే వచ్చేసింది. ఆయన దాంతోనే మంచినీళ్ళు తాగుతారు. ఆవిడ దెయ్యమైనా మనిషైనా, నా పసుపుకుంకాలు నిలబెట్టినందుకు కాళ్ళకి దండం పెడతాను. పెట్టి లేచాక ఒక్కటే అడుగుతాను. "మా ఇంటాయన" అని నువ్వెందుకన్నావమ్మా?