మిల్ట్రీ వరుసలో మూడో సమాధి

2024 ఫిబ్రవరి 17, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసాల కాలం, శ్రమ దినాలు, వచ్చి నాలుగో రోజు. అక్క చక్కెర లేని కాఫీ తాగుతూ, గ్లాసు కింద పెట్టకుండానే అంది:

"పాపా, ఈ ఈస్టరుకు నాయనకు నా చేత్తో సున్నం కొట్టల్ల."

నాకు డెబ్బై ఐదో ఏడు నడుస్తోంది. అక్కకు ఎనభై మూడు. ఆమెకు నేను ఇంకా పాపనే. చక్కెర జబ్బుతో ఆమె కుడి కన్ను నాలుగేళ్ళ కిందటే పోయింది. ఎడమ కంట్లో వెలుతురు, నీడ, తెలుపు మాత్రం తెలుస్తాయి. పై ఈస్టరు దాకా అదైనా నిలుస్తుందని చెప్పలేనని జనవరిలో డాక్టరు అన్నాడు. ఆ మాట నాకొక్కదానికే వినిపించింది అనుకున్నాను. అక్క కూడా విన్నది.

"సమాధి యాడుండాదో తెలిస్తే కదక్కా కొట్టేది," అన్నాను.

"నీ డైరీలో లేదా? చీమ కుట్టినా రాసుకుంటావు."

ఉంది. ఇనప్పెట్టె అడుగున దొరికింది. 1995 ఏప్రిల్ 15, శనివారం: 'నాయనకు సున్నం. గేటు నుంచి మూడోది.' అంతే. ఆ రోజు అంతకంటే ఎక్కువ రాయాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

మా ఊరు మైదుకూరుకు పదకొండు కిలోమీటర్లు. అక్కా నేనూ ముసలితనంలో మళ్ళీ ఇక్కడికే చేరాం. మా చర్చి సంఘం వాళ్ళ పాత సమాధుల తోట, వానలకు మాత్రమే పారే వంక అవతల, కొండ కిందికి ఉంటుంది. 1996లో రోడ్డు పక్కన కొత్త స్థలం వచ్చింది. అప్పటినుంచి వంక దాటి పోయినవాళ్ళు లేరు, నేను కూడా పోలేదు. ముందు గేటు పోయింది. తర్వాత గోడ రాళ్ళు ఒక్కొక్కటే ఊళ్ళోకి నడిచాయి. మిగిలిన నేలంతా సర్కారు తుమ్మ కంప పట్టింది.

ఆ తోటలో ఒక మూల ఏడు సమాధులు ఒకే వరసలో, ఒకే కొలతలో ఉంటాయి. ఊరంతా దాన్ని మిల్ట్రీ వరుస అనేది. రెండో ప్రపంచ యుద్ధానికి మా పేట నుంచి పోయి, బతికి వచ్చిన ఏడుగురివి అవి. వాళ్ళలో ఒకాయన పటాలంలో తాపీ పని నేర్చుకొని వచ్చాడు. బ్యారెక్సులో మంచాలు ఎట్లా ఉండేవో అట్లాగే కట్టాలని ఆయన పట్టుదల. బతికుండగానే ఎవరి మంచం చోటు వాళ్ళు పట్టుకున్నారు. అందుకని ఎవరు ముందు పోయారో ఆ వరుస చూసి చెప్పలేము. పచ్చి సిమెంటు మీద మేకుతో పేరు గీసేవాడు ఆ తాపీ ఆయన. చివరగా తను పోతే కొడుకు కట్టాడు. అదొక్కటే వంకర.

మా నాయన 1941లో పోయి 1946లో వచ్చాడు. పోయేటప్పటికి అక్క ఒళ్ళో పిల్ల. వచ్చినప్పుడు ఐదేళ్ళ పిల్ల జొన్నల గాదె వెనక దాక్కుందట. మూడు రోజులు ఆయన్ని 'ఓ మిల్ట్రీ' అనే పిలిచిందట. యుద్ధంలో ఆయన తుపాకీ కాల్చలేదు. అస్సాం అవతల బర్మా దారిలో రోడ్లు వేశాడు. అక్కడ నలభై దినాలు తెంపు లేకుండా వాన పడిందని చెప్పేవాడు. మా ఊరివాళ్ళు యుద్ధం గురించి ఏం చెప్పినా నమ్మారు గానీ ఆ వానను మాత్రం నమ్మలేదు. "మిల్ట్రీకి పోయి కోతలు నేర్చుకొచ్చినాడప్పా" అని నవ్వేవాళ్ళు. 1961 ఆగస్టులో పోయాడు. అప్పుడు నాకు పన్నెండు.

కంప కొట్టించడానికి బొగ్గు కాల్చే ఆయన ఒప్పుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, ఊరి బయట ఆయనకు బొగ్గు బట్టీ ఉంది. కట్టె ఆయనకు, నేల మాకు. ఫిబ్రవరి 22న గొడ్డలి భుజాన వేసుకొని వచ్చి, తోట చూసి నిలబడిపోయాడు.

"ఏమవ్వా, ఇంత కంపలో ఏం పారేసుకున్న్యావు?"

"మా నాయన్ని."

"ఎప్పుడు?"

"అరవై రెండేళ్ళాయ."

"ఇప్పుడా ఎతికేది!" అన్నాడు. అని, తన మాటకు తనే నొచ్చుకొని, తలగుడ్డ బిగించి పనిలోకి దిగాడు.

మూడు రోజులు పట్టింది. రెండో రోజు సాయంత్రం కొమ్మల మధ్య మొదటి సమాధి తెల్లగా కనబడింది. ఇంత కంప కింద కూడా సున్నం తెల్లగానే ఉంది. మూడో రోజు ఏడూ బయటపడ్డాయి. ఆయన గొడ్డలి పక్కన పెట్టి చెప్పులు విడిచాడు.

"అందరూ ఒగే తీరుగా పండుకున్నారే. ఈల్లలో మీ నాయన యాడుండాడవ్వా?"

వంగి ఒక్కోదాన్నీ చూశాను. రెండు సమాధుల మీద పేర్లు స్పష్టంగా ఉన్నాయి. అవి తోట మూసేసే ముందు రెండేళ్ళలో పోయినవాళ్ళవి. సున్నం ఒకటి రెండు పూతలే పడ్డాయి. మిగతా ఐదింటి మీద పేరు లేదు. మావాళ్ళు ఏటా ఈస్టరు ముందురోజు సమాధికి సున్నం కొడతారు. కొట్టిన ప్రతిసారీ అక్షరం కొంచెం పూడుతుంది. మనుషులు మరిచిపోకుండా వచ్చినవాటికే పేరు పోయింది.

సరే, గేటు నుంచి మూడోది. గేటు ఎటువైపు? గుర్తుగా ఒక్క రాయి కూడా మిగల్లేదు. ఇంటికి వచ్చి అక్కను అడిగాను.

"కొండ పక్క."

"కాదక్కా, వంక పక్క. తొమ్మిదేళ్ళు పోయినదాన్ని నేను."

"ఎద్దులబండి ఆ వంకలో దిగి ఎట్ల ఎక్కుతాదే? సుట్టు తిరిగి కొండ పక్కనుంచే కదా వచ్చేటోళ్ళం!"

"నువ్వు బండిలో పోయింది ఎప్పుడో. నేను మొన్న మొన్నటి దాకా పోయినా."

"ఇరవై తొమ్మిదేళ్ళు మొన్న మొన్న. ఈమె లెక్కల టీచరు!"

వంక వైపు నుంచి లెక్క పెడితే మూడోది మూడోదే. కొండ వైపు నుంచి లెక్క పెడితే మూడోది, వంక వైపు నుంచి ఐదోది అవుతుంది. రెండింటిలో ఒకటి నాయనది. ఇక్కడినుంచి వంక వైపు లెక్కే చెబుతాను.

మార్చి 2న నేను ఒక తప్పు చేశాను. సున్నం గీకితే పేరు బయటపడుతుందేమో అని, ముందు మాకు సంబంధం లేని మొదటి సమాధి మీద మొద్దు చాకు పెట్టి చూశాను. జొన్నరొట్టె అంత పెచ్చు ఒక్కసారిగా ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనకవైపు, పూడిన అక్షరాలు అచ్చుపోసినట్టు తిరగబడి ఉబ్బి ఉన్నాయి. రెండు అక్షరాలు చదివానో లేదో, పెచ్చు వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. కింద సిమెంటు ఏళ్ళ చెమ్మకు అరిగి, గీతలు చెరిగి నున్నగా ఉంది. ఆ పేరు ఎవరిదో ఆ పెచ్చుకొక్కదానికే తెలుసు. చాకు సంచిలో పెట్టాను. మూడోదాని మీద, ఐదోదాని మీద పెట్టే ధైర్యం లేకపోయింది.

కానీ ఆ విరిగిన అంచు నాకు ఒక దారి చూపింది. సున్నం పొరలు పొరలుగా ఉంది. పొరకూ పొరకూ మధ్య సన్నని ఎర్ర గీత. అది ఒక్కో వేసవి దుమ్ము. ఏడాదికి ఒక పొర. మూడోదానికీ ఐదోదానికీ మూలలు ముందే పెచ్చులూడి ఉన్నాయి. పేపరు చదివే భూతద్దం, కుట్టుసూది పట్టుకొని మార్చి 9న మళ్ళీ పోయాను.

ముందు మా లెక్క. నాయనకు మొదటి సున్నం 1962 ఈస్టరుకు. అమ్మ, అక్క కలిసి కొట్టారు. ఆ ఏడే అక్కను వేంపల్లెకు ఇచ్చారు. 1986 దాకా అమ్మ ఒక్క ఏడు తప్పలేదు, ఇరవై ఐదు సార్లు. ఆ తర్వాత అమ్మ నాతో కడపకు వచ్చేసింది. అమ్మ సమాధి కడపలోనే. 1987 నుంచి 1995 దాకా తొమ్మిది ఈస్టర్లు నావి. అందులో రెండు తప్పాను. ఒక ఏడు పదో తరగతి పేపర్లు దిద్దే పని పడింది, ఒక ఏడు కాలు విరిగింది. ఆ రెండేళ్ళు నాయన మురికి సమాధిలో ఉన్నాడనే మాట నేను ఎవరితోనూ అనలేదు. కాబట్టి ఏడు. ఇరవై ఐదూ ఏడూ ముప్పై రెండు.

మోకాళ్ళ కింద గోనెసంచి పరుచుకొని, సూదిమొన గీత మీద పెట్టి, ఒక్కోదాని పొరలు మూడు మూడు సార్లు లెక్కించాను. ఐదోది ముప్పై నాలుగు. మూడోది ముప్పై రెండు.

ఇంటికి వచ్చి అక్కకు "దొరికింది" అని మాత్రం చెప్పాను. ఏ సమాధో చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

మార్చి 30, శనివారం, సాయంత్రం నాలుగున్నరకు ఆటోలో పోయాం. సున్నం ముందురోజే నానేసి, వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపాను. కిత్తనార కుంచె అక్క ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. వంకలో నీళ్ళు లేవు. ఇసుకలో ఆమెను నడిపించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉంది.

"చెయ్యి అట్ల పట్టుకోవద్దే, నేనేమన్నా దొంగనా!"

తోటలోకి వచ్చాక నా చేయి వదిలించుకుంది. వరుస వెంబడి ఒక్కో సమాధి తలవైపు అంచు మీద అరచెయ్యి ఆనించి నడిచింది. ఒకటి. రెండు. మూడోదాని దగ్గర ఆగుతుందని చూశాను. ఆగలేదు. నాలుగు. ఐదోదాని దగ్గర ఆగి, కొంగుతో దాని మీద ఆకులు తుడిచి, పక్కన కూర్చుంది.

"నాయనా, వచ్చినాం," అంది. "శానా ఆలీశమాయ. ఏమనుకోవద్దు."

ముప్పై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. పిల్లలవే కాదు, చర్చిలో అయ్యగారు ప్రసంగంలో బైబిలు వచనం సంఖ్య తప్పు చదివినా దిద్దినదాన్ని. నోరు తెరిచాను. అక్క కుంచె అప్పటికే సున్నంలో ముంచింది. తెలుపు మీద తెలుపు. ఆమెకు మిగిలిన చూపుకు ఆ పని సరిగ్గా సరిపోయింది. నేను నోరు మూసుకొని కుండ పట్టుకున్నాను. చూపు అందని చోట వేలితో తడిమి, తడి లేని చోటల్లా మళ్ళీ కొట్టింది. గంటా పది నిమిషాలు పట్టింది. పని చేసినంతసేపూ నాయనకు ఊరి సంగతులు చెప్పింది, ఎవరు పోయారో, ఎవరికి పిల్లలు పుట్టారో. పోయిన డిసెంబరులో వానలు బాగా పడ్డాయని కూడా చెప్పింది.

కుండలో మూడో వంతు మిగిలింది. నాకు అది చాలు. అక్కకు తెలియకుండా నాయనకు నేను కొట్టుకుంటాను అనుకున్నాను.

"అక్కా, సున్నం మిగిలింది. ఆ మూడోదానికి కొడతా."

"కొట్టు. తోటకు తెచ్చిన సున్నం ఇంటికి తీసకపోకూడదని అమ్మ అనేది కదా. మిగిలింది పక్కోళ్ళకే." కుంచె నాకు అందించింది. "అందరూ అట్లే కదా చేసేది. నువ్వు రాని రెండేండ్లు బావి పక్కింటి పెద్దమ్మ మన నాయనకు కొట్టలేదా?"

"ఎవురు?"

"పెద్దమ్మే. వాళ్ళాయనకు కొట్టి, మిగిలిన సున్నం మన నాయనకు కొట్టిందంట. వాళ్ళ పాపను వేంపల్లెకే ఇచ్చినారు కదా, ఆ పాపతో కబురు పంపింది. మీ చెల్లెలుకు చెప్పొద్దు, మనసు నొచ్చుకుంటాది అని."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పొద్దన్నె కదా!"

కుంచె నుంచి సున్నం నా చీర మీద కారుతోంది. 1962 నుంచి 1995 దాకా ఈస్టర్లు ముప్పై నాలుగు. ఒక్కటి కూడా తప్పలేదు. ఐదోది ముప్పై నాలుగు. పెద్దమ్మ వాళ్ళాయన కూడా ఆ మిల్ట్రీ ఏడుగురిలో ఒకడు, మా నాయన తర్వాత రెండేళ్ళకు పోయాడు. 1964 నుంచి 1995 దాకా ముప్పై రెండు. మూడోది ముప్పై రెండు.

అప్పుడు గేటు కూడా గుర్తొచ్చింది. వంక వైపు ఉండింది గేటు కాదు, గోడ పడిన సందు. బస్సు దిగి వంక దాటి వచ్చేదాన్ని కనుక నేను ఆ సందులోంచే దూరేదాన్ని. ఇన్నేళ్ళలో నా తలలో ఆ సందే గేటు అయి కూర్చుంది.

"ఏమే, పలకవు? కాళ్ళు నొస్తాండాయా?"

"లేదక్కా. కొడతాండా."

పెద్దమ్మ వాళ్ళాయనకు సున్నం నేనే కొట్టాను. మూలలు కూడా వదల్లేదు. కుండ అడుగు కనబడే దాకా కొట్టాను. నా అంత లెక్కగా ఏ పనీ ఇంకెవరూ చెయ్యరని బతికినదానికి, నేను తప్పిన రెండేళ్ళను ఎవరో తన లెక్కలో వేసుకున్నారని డెబ్బై ఐదో ఏట తెలిసింది. ఆరున్నరకు పొద్దు కుంకింది. ఆటో ఆయన వంక అవతలి నుంచి హారను కొట్టాడు.

పోయినవి రాసి పెడుతున్నాను. రాతి గోడ, గేటు. ఏడు పేర్లలో ఐదు. ఆ ఐదులో ఒకటి నా చాకుతో పోయింది, అది ఎవరిదో తెలియదు. అక్క ఎడమ కన్ను, అదే ఏడు జులై 11న. బావి పక్కింటి పెద్దమ్మ, నాకు ఈ సంగతి తెలియడానికి పందొమ్మిదేళ్ళ ముందు. ఆమెతో నేను చెప్పవలసిన మాట, ఒకటి.