పెబ్బేరు గేటు

కురుమూర్తి తన అరవై మూడేళ్ల జీవితంలో ఎవరి కోసమూ ఒక్క నిమిషం ఆగిన మనిషి కాడు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు, అతనే నలుగురిలో చెప్పుకునే మాట. బిజినేపల్లి బస్టాండులో ముప్పై ఏళ్లు కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. నోట్లో విజిలు, చేతిలో చార్టు, ఎదురుగా గోడ గడియారం. ముల్లు గీత మీదికి వస్తే విజిలు మోగేది. పరుగెత్తుకొస్తున్నది సొంత బావమరిదే అయినా బస్సు వెనక దుమ్ము చూడాల్సిందే. ఆలస్యమైతే మైకులో చదవమని పైనుంచి ఒక అట్ట పంపారు: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని. ఆ అట్టను అతను ఒక్కసారీ చదవలేదు. ఆలస్యంగా వచ్చిన బస్సులు లేకపోలేదు గానీ, ఏ ఊరి నుంచి వచ్చిన ఆలస్యం ఆ ఊరిదేననీ, దానికి తాను చింతించాల్సిన పని లేదనీ అతని వాదన. రిటైరైన రోజు పూలదండతో పాటు ఆ అట్టను కూడా మడత నలగకుండా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఎవరైనా నిలదీస్తే ఒకటే జవాబు. "ఆగుమనేటోడు ఒక్కడే కనవడ్తడు. ముంగట స్టేజీలల్ల ముప్పై మంది నిలవడి ఉంటరు. వాళ్లు ఎవ్వరికి కనవడరు."

కోడలు మానసకు మామగారి సంగతి పెళ్లిరోజే తెలిసింది. పెళ్లి గద్వాలలో, ఆమె పుట్టింట్లో. సాయంత్రం నాలుగింటికి పెళ్లి బస్సు కదలాలి. అప్పగింతల్లో ఏడ్చుకోవడానికి కురుమూర్తి పది నిమిషాలు కేటాయించాడు. మానస తల్లి పదకొండో నిమిషంలోకి పోబోతుంటే విజిలు వేశాడు. బస్సు సరిగ్గా నాలుగింటికి కదిలింది. పెబ్బేరు దాటాక పెళ్లికొడుకు మధు వెనక్కి తిరిగి చూసి, అమ్మ ఎక్కలేదన్నాడు. రేణుకమ్మ వియ్యపురాలితో చీరల మాటల్లో పడి అక్కడే ఉండిపోయింది.

"ఎన్క ఐదున్నరకు ఇంకో సర్వీసున్నది," అన్నాడు కురుమూర్తి.

ఆమె ఐదున్నర సర్వీసులోనే వచ్చింది. హారతిచ్చి కోడలిని లోపలికి పిలవాల్సిన అత్తకు, కోడలే ఎదురెళ్లి కాళ్లకు నీళ్లిచ్చింది. ఆ పూట నుంచి అత్తాకోడళ్లకు మంచి స్నేహం కుదిరింది.

మానస పుట్టింటి వెనకే రైలుపట్టాలు. బిజినేపల్లికి రైలు లేదు, నాగర్‌కర్నూలుకూ లేదు. రైలున్న ఊరి పిల్లను రైలు లేని ఊరికి ఇస్తున్నామని ఆమె తండ్రి చిన్నబుచ్చుకుంటే, "గందుకేంది బావా, మా పెరట్లనే ఉన్నది గదా," అన్నాడు కురుమూర్తి. అందరూ నవ్వారు. మర్నాడు పొద్దున ఎనిమిదీ పదికి పెరట్లో హారను మోగేదాకా మానస కూడా దాన్ని హాస్యమనే అనుకుంది.

పెరడు చుట్టూ జానెడు వెడల్పున ఇనుప పట్టీల లైను. ఇంజనుకు పాత బస్సు వైపరు మోటారు, స్కూటీ బ్యాటరీ. నూనె డబ్బాలు కోసి చేసిన నాలుగు పెట్టెలు. మునగచెట్టు కింద గద్వాల, వంటింటి మెట్టు దగ్గర వనపర్తి, బోరు పక్కన బిజినేపల్లి, బట్టలుతికే బండ దగ్గర నాగర్‌కర్నూల్. నాగర్‌కర్నూల్ పక్కన కుర్చీ, కుర్చీ పక్కన స్విచ్చు, స్విచ్చు పైన మేకుకు వేలాడే టైముల చార్టు.

చిక్కల్లా ఒకటే. కురుమూర్తికి బస్సు తప్ప ఇంకో బండి తెలియదు. అందువల్ల అది చూడ్డానికి రైలు, నడవడానికి బస్సు. ముందు 'వయా వనపర్తి' బోర్డు, దాని కింద నిమ్మకాయ, మిరపకాయలు. స్టేషన్లను స్టేజీలంటాడు. కదలాలంటే "రైట్ రైట్", ఆగాలంటే "హోల్డాన్". గోనెసంచి కప్పి పెట్టే చోటు డిపో. రైలుకు పచ్చజెండా ఊపుతారని మానస ఒకసారి చెప్పి చూసింది.

"జెండ చూడాల్నంటే కండ్లు గావాలె," అన్నాడు. "విజిలైతే చెవిటోనికి గూడ ఇనవడ్తది."

ఆ జవాబు మీద ఆమె రెండు రోజులు ఆలోచించి వదిలేసింది.

రేణుకమ్మ ఆ బండిలోనే గద్వాల దగ్గర టమాటలు వేసి వనపర్తిలో దించుకునేది. ఒకరోజు నాలుగు వేసి ఐదోది తెంపుతుండగా విజిలు పడింది. ఐదో టమాట పట్టుకుని పెరడంతా బండి వెనక పరుగెత్తింది. ఒక్క టమాటకు ఆగలేవా అని అడిగితే, చార్టులో లేదన్నాడు. ఇంట్లో ఎవరిది తప్పైనా నోటితో ఒక్క మాట అనడు, మెమో ఇస్తాడు. లైను మీద బకెట్టు పెట్టినందుకు మానసకు వచ్చింది. పెళ్లైన తొమ్మిదో రోజున ఆమె మామగారికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకుంది.

అన్నిటికీ ఏదో ఒక లెక్క ఉంది గానీ, ఆ లైనులో ఒక వంకరకు మాత్రం లెక్క లేదు. గద్వాల నుంచి వనపర్తికి తిన్నగా పోవాల్సిన పట్టాలు పక్కింటి గోడ దాకా పోయి తిరిగొస్తాయి. ఆ వంకర కోసం రేణుకమ్మ కనకాంబరాల మడి మొత్తం తవ్వేశాడు. ఎందుకంటే, సర్వేలో వచ్చిందన్నాడు. గోడ దగ్గర స్టేజీ పేరు పెబ్బేరు. అక్కడ వెదురుబద్దతో చేసిన గేటు. గేటు తాడు గోడ కన్నంలోంచి పక్కింట్లోకి పోతుంది. అవతల ఎవరైనా గుంజితే గేటు పడుతుంది, వదిలితే లేస్తుంది.

అవతల ఉండేది జములమ్మ. ఎడ్ల బేరంలో మొగవాళ్ల నోళ్లు మూయించిన మనిషి. పద్దెనిమిదేళ్ల కింద పెబ్బేరు సంతకు పోతూ, బస్సుకు పది అడుగుల దూరంలో చెయ్యెత్తి "ఒక్క నిమిషం" అంది. కురుమూర్తి విజిలు వేశాడు. ఆమె మాట్లాడిపెట్టుకున్న ఎడ్లజత ఇంకొకరి కొట్టంలోకి పోయింది. ఆనాటి నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. తిట్టాల్సొస్తే గోడను తిట్టేది. తన ఇంట్లో చెత్త ఏదున్నా ఆ గోడ మీదుగానే ఇవతలికి విసిరేది.

పోయిన వానాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, నడక సగం దక్కింది, కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పడిపోయింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో చేతికి కసరత్తు రాసిచ్చారు, చెయ్యకపోతే ఇక ఇంతేనన్నారు. ఆమె రెండు రోజులు చేసి, చిన్నపోరల ఆటలు నాతోని గాదని ఆపేసింది. ఐదో తరగతి చదివిన జములమ్మకు తన సంతకమంటే మహా గర్వం. పోస్టాఫీసులో ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్న రోజు ఇంటికొచ్చి గోడను కూడా తిట్టలేదు. అమ్మ ఇంక సంతకం పెట్టదని కూతురు రోజా వచ్చి రేణుకమ్మ దగ్గర ఏడ్చింది.

అలాంటి మనిషి ఇంట్లోకి తాడు వేసి, వేసిన రోజున కురుమూర్తి గోడ మీదుగా రోజాకు చెప్పాడట. "మీ అమ్మకు చెప్పు. ఆ తాడు గుంజితే నా బండి ఆగిపోతది. ముట్టద్దను."

అది చాలింది. మానస కాపురానికి వచ్చేసరికి గోడకిరువైపులా యుద్ధం నడుస్తోంది. ఎనిమిదీ పదికి "రైట్ రైట్" అనడం, బండి పెబ్బేరుకు రావడం, టక్కున గేటు పడడం.

"హోల్డాన్. ఎవ్వరది గేటేసింది?"

"గోడా, ఆ కంట్రోలరుకు చెప్పు. ఎడ్లు దాటుతున్నయి, ఒక్క నిమిషం ఆగుమను."

"చార్టుల ఈడ హాల్టు లేదు."

"ఎడ్లకు చార్టు తెల్వదు."

చెయ్యి అలిసి ఆమె వదిలితే గేటు లేచేది. మళ్లీ చుట్టు తిరిగొస్తే మళ్లీ పడేది. గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు బండి పెరడు చుట్టూ ఇరవై చుట్లు తిరగాలి. అంత దూరమా మామా అని మానస అడిగితే, నడుమ గుట్టలున్నాయన్నాడు. అలా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పూటకు ఇరవై సార్లు. ప్రతిసారీ కురుమూర్తి గొంతు చించుకునేవాడు. కన్నంలోంచి మెమో పంపేవాడు. జములమ్మ వాటిని చదువుకుని, నవ్వుకుని, దిండు కింద పెట్టుకునేదని రోజా చెప్పింది.

మానసకు మామ మీద జాలేసింది. జీవితమంతా నిమిషం ఆగని మనిషి, ఈ వయసులో రోజుకు అరవై సార్లు ఆగి అరుస్తున్నాడు. బీపీ గోళీలు ఒకటి పోయి రెండయ్యాయి. ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా గేటు తాడు విప్పి, గోడకున్న మేకుకు గట్టిగా ముడేసింది. ఇక అవతల ఎంత గుంజినా గేటు కదలదు.

మర్నాడు పొద్దున బండి ఇరవై చుట్లూ గడగడా తిరిగి, చార్టులో రాసిన నిమిషానికి నాగర్‌కర్నూలు చేరింది. మామ మొహం వెలుగుతుందని చూస్తున్న మానసకు అక్కడేమీ వెలగలేదు. అతను గడియారం చూశాడు, గోడను చూశాడు. గోడ అవతల తాడు మూడుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. ఎడ్లు దాటలేదు. మధ్యాహ్నమూ అంతే. సాయంత్రం ఐదూ పదికి బండి డిపోలోంచి బయటికి రాలేదు.

"సర్వీసు రద్దు," అని కురుమూర్తి పోయి పడుకున్నాడు.

ఎందుకు రద్దయిందో రాశాడేమోనని మానస మేకుకున్న చార్టు తీసి చూసింది. చార్టు వెనక ఇంకో కాగితం అంటించి ఉంది. ఒకప్పుడు ఎవరో ఉండచుట్టి విసిరితే, ఇంకెవరో ఓపికగా సాపు చేసినట్టు దాని నిండా ముడతలు. పైన జములమ్మ పేరు, దవాఖాన ముద్ర. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కుడిచేత్తో తాడు కిందికి లాగి పట్టుకోవాలి, పూటకు ఇరవై సార్లు. చెయ్యి తేలికైన కొద్దీ బరువు పెంచాలి.

ఆమె గేటు దగ్గరికి పరుగెత్తింది. చిటికెనవేలితో లేపగల వెదురుబద్ద తోకకు ఒక గుడ్డసంచి వేలాడుతోంది. విప్పి చూస్తే బస్సు చక్రాల నట్లు, పదకొండు. కన్నంలోంచి అవతలికి తొంగిచూసింది. జములమ్మ మంచం గోడకు ఆనించి ఉంది. తాడు ఆమె కుడిపక్కన, ఎడమ చెయ్యి అందని చోట ఉంది. తాను చేసిన మేలు ఏమిటో మానసకు అప్పుడు అర్థమైంది.

వంటింట్లోకి పోయి, నీకు తెలుసా అత్తమ్మా అని అడిగింది.

"తెల్వకుంటనే నా కనకాంబరాల మడి తవ్వనిచ్చిన్నా?" అంది రేణుకమ్మ పప్పు కలుపుతూ.

మానస మామ మంచం దగ్గర నిలబడి, ముడి వేసింది తానేనని ఒప్పుకుంది. కురుమూర్తి లేచి కూర్చున్నాడు. అతని మొహంలోకి ప్రాణం వచ్చింది.

"అంటే ఆమెనే గుంజుడు బంద్ చెయ్యలేదా?"

"లేదు మామా. పొద్దున మూడుసార్లు గుంజింది."

"ఎవ్వరికి చెప్పకు బిడ్డా. దయ అని తెల్సిందంటే తాడు ముట్టదు. పగ మీదనే గుంజుతుంది."

"ఎవ్వరి కోసం ఆగనంటవు గద మామా. రోజుకు అరవై సార్లు ఆగుతున్నవు."

"నేనేడ ఆగుతున్న? గేటు పడ్తుంది," అన్నాడు కురుమూర్తి.

మర్నాడు మానసకు రెండో మెమో వచ్చింది, గేటు సామానులో అనధికారికంగా వేలుపెట్టినందుకు.

నెల తర్వాత కురుమూర్తి బ్యాటరీ కోసం వనపర్తి పోయాడు. తిరిగొచ్చే బస్సు ఆలస్యమైంది. మామగారు పరుగెత్తడం మానస మొదటిసారి చూసింది. పన్నెండూ పది బండికి పన్నెండున్నరకు స్విచ్చు మీద చెయ్యి వేశాడో లేదో, గోడ కన్నంలోంచి ఒక కాగితం ఇవతల పడింది. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వరస కిందికి జారిపోతోంది.

"మెమో. పన్నెండు పదికి రావలసిన బండి పన్నెండున్నరకు గూడ రాలేదు. గేటు కాడ ఇరువై నిమిషాలు కూసున్న. సంజాయిషీ ఇయ్యాలె."

కింద సంతకం, జములమ్మ. అది రాయడానికి ఆ ఇరవై నిమిషాలూ పట్టి ఉంటాయి.

కురుమూర్తి రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి, వనపర్తి రోడ్డు మీద దుమ్ము ఎక్కువని తుడుచుకున్నాడు. తర్వాత లోపలికి పోయి, పెట్టె అడుగు నుంచి ఆ పాత అట్ట తెచ్చాడు. గోడ ముందు నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని మైకు గొంతుతో చదివాడు.

"ప్రయాణికులకు గమనిక. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

అట్టలో లేని మాట ఒకటి మెల్లగా కలిపాడు. "ఆ పొద్దు పెబ్బేరు బస్సుకు గూడ."

రేణుకమ్మ గరిటె పట్టుకునే వనపర్తి మెట్టు మీదికి వచ్చి నిలబడింది.

"కురుమూర్తన్నా," అంది జములమ్మ. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నడుమ గోడ పేరు లేదు. "ఇగ తియ్యి బండి. ఆ సంచిల ఇంకో నట్టు ఎయ్యి, మస్తు తేలికైంది."

మామాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కురుమూర్తి ఏమీ విననట్టు జేబులోంచి పన్నెండో నట్టు తీసి సంచిలో వేసి, విజిలు ఊదాడు. రైట్ రైట్. బండి మునగచెట్టు కింద నుంచి కదిలి, వంకర తిరిగి పెబ్బేరు దాకా వచ్చింది. టక్కున గేటు పడింది.

"ఇప్పుడేమైంది?" అన్నాడు కురుమూర్తి.

"ఎడ్లు దాటుతున్నయి."

అతను స్విచ్చు కట్టేసి, గడియారం వైపు వీపు పెట్టి, ఎడ్లు దాటేదాకా కూర్చున్నాడు.